రెండో భాగం ముందు ఆడినవాడి గోల

చిన్న విషయంతో మొదలుపెడతాను. 2021 సెప్టెంబరులో ‘డయాబ్లో 2 రిసరెక్టెడ్’ వచ్చింది. 2000లో వచ్చిన పాత ఆటకే బొమ్మలన్నీ కొత్తగా వేసి వదిలారన్నమాట. అప్పుడు నేను వర్క్ ఫ్రం హోమ్ పుణ్యమా అని భద్రాచలంలో మా ఇంట్లోనే ఉన్నాను. పగలు స్టాండప్ మీటింగులు, రాత్రి భూతాల వేట. మా కాలేజీ బ్యాచ్ నలుగురం కాల్‌లో ఉండి ఆడేవాళ్ళం.

ఆ ఆట మొదటి అంకంలో ట్రిస్ట్రమ్ అనే ఊరికి వెళ్ళాలి. వెళ్ళేసరికి ఊరంతా తగలబడుతూ ఉంటుంది. పంజరంలో వేలాడుతున్న ఒక ముసలాయన్ని విడిపించాలి. గ్రిస్వోల్డ్ అని ఒక రాక్షసుడు మీదికొస్తే చంపాలి. ఒక మూల విర్ట్ అనే కుర్రాడి శవం ఉంటుంది. దాన్ని కదిపితే బోలెడు బంగారం, ఒక చెక్క కాలు దొరుకుతాయి. ఆట మొత్తం అయ్యాక ఆ కాలుతో ఒక రహస్య ద్వారం తెరవొచ్చు. లోపల గొడ్డళ్ళు పట్టుకుని రెండు కాళ్ళ మీద నడిచే ఆవులుంటాయి. అదొక జోకు. “ఒరేయ్, కాలు తీసుకున్నావా లేదా?” అని మావాడు అరవడం, అందరం పడీ పడీ నవ్వడం.

కొన్ని నెలల తర్వాత ఏమీ తోచక మొదటి భాగం కొన్నాను. అది 1996 చివర్లో వచ్చిన ఆట. తెరవగానే ట్రిస్ట్రమ్. కానీ ఈసారి ఊరు బతికే ఉంది. గ్రిస్వోల్డ్ ఆ ఊరి కమ్మరి. ఆప్యాయంగా పలకరించి కత్తికి పదును పెట్టిస్తాడు. విర్ట్ చెక్క కాలుతో ఊరి చివర నిలబడ్డ గడుసు పిల్లాడు. వస్తువు చూపించడానికే 50 బంగారు నాణాలు గుంజుతాడు, కొంటే ధర వేరే! ఒక వైద్యుడు, ఒక పూటకూళ్ళాయన, ఒక తాగుబోతు... వీళ్ళందరితో నాలుగు రాత్రులు మాట్లాడాక ఒక్కసారిగా గుర్తొచ్చింది, నేను వీళ్ళ శవాల మీద నడిచి నవ్వినవాణ్ణని.

ఆటగా చూస్తే రెండోదే మేలు, అందులో వాదన లేదు. మొదటిదాంట్లో మనిషి పరుగెత్తలేడు, నడవాల్సిందే. బంగారం దాచుకోడానికి పెట్టె కూడా ఉండదు, ఊరి నడిబొడ్డున నేల మీద కుప్ప పోసుకోవాలి. ఉన్నదల్లా ఒక ఊరు, ఒక చర్చి, దాని కింద 16 అంతస్తులు. రెండోదాంట్లో ఎడారులున్నాయి, అడవులున్నాయి, పరుగుంది, ప్రతి పాత్రకీ విద్యల చెట్టుంది. ఇంజనీరుగా చూసినా రెండోదే గట్టిది. మొదటిదాంట్లో ఆన్‌లైన్ పాత్ర ఆటగాడి కంప్యూటర్లోనే ఉండేది కాబట్టి ఎవడికి తోచినట్టు వాడు మార్చుకున్నాడు. రెండోదాంట్లో పాత్రల్ని సర్వర్లో పెట్టి ఆ మోసానికి చాలావరకు అడ్డుకట్ట వేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ రెండోది ముందు ఆడినవాడికి, అక్కడ తగలబడిన ఊళ్ళో ఎవరుండేవారో మాత్రం తెలీదు.

ఈ సోదంతా ఎందుకంటే, సరిగ్గా ఇదే పొరపాటు నేను మా ఊరి చరిత్రతో కూడా చేశాను. నేనే కాదు, మీరూ చేసే ఉంటారు.

గెడ్డం పెట్టుకున్న పిల్లలు

మా స్కూల్లో ఏ పండగొచ్చినా విచిత్ర వేషధారణ ఉండేది. కాషాయం పంచె, అతికించిన గెడ్డం, భుజాన అట్టముక్కతో చేసిన విల్లు. ఏటా కనీసం ముగ్గురు అల్లూరి సీతారామరాజులు తేలేవాళ్ళు. ఒక ఏడాది అందులో నేనూ ఉన్నాను (గెడ్డం మధ్యలో ఊడిపోయింది, అది వేరే కథ). మన్యం తిరుగుబాటు అంటే నాకు తెలిసిందల్లా 1922, రాజుగారు, తపాలా వేసి మరీ పోలీస్ స్టేషన్ల మీద దాడి, చివర్లో చెట్టుకి కట్టి కాల్చడం. 1974లో వచ్చిన కృష్ణ గారి సినిమా టీవీలో ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లు చూశాం.

ఇంటర్లో ఉన్నప్పుడు ఒకసారి మా తాతయ్యతో కూనవరం వైపు బస్సులో వెళ్తున్నాం. శబరి గోదావరిలో కలిసేది అక్కడే. తాతయ్య కిటికీలోంచి చెయ్యి చూపించి, “అటుపక్క రేకపల్లి. రాజుగారి కంటే ముందే అక్కడ పెద్ద పితూరీ అయింది. మా నాన్నకి పాత కోయోళ్ళు చెప్పేవాళ్ళట” అన్నాడు. నేను ఇయర్‌ఫోన్స్ తియ్యకుండానే “ఊఁ” అన్నాను. ఏమైందని అడగలేదు. తాతయ్య ఇప్పుడు లేడు. అడగాలంటే ఇక పుస్తకాలే గతి.

అన్నట్టు, పితూరీ అనే మాట చూడండి. మనిళ్ళలో పితూరీలు చెప్పడమంటే ఒకరి మీద ఇంకొకరికి ఫిర్యాదు చెయ్యడం. సర్కారు కాగితాల్లో పితూరీ అంటే తిరుగుబాటు. ఒకటే మాటకి రెండర్థాలు ఎలా వచ్చాయో భాష తెలిసినవాళ్ళు చెప్పాలి. 1879 సంగతి చదివాక నాకనిపించింది మాత్రం ఇది: ఫిర్యాదు వినేవాడు లేకపోతే అదే తిరుగుబాటవుతుంది, మాట మార్చాల్సిన పని కూడా లేదు.

మొదటి భాగం: 1879-80

రంప అంటే ఇప్పటి రంపచోడవరం చుట్టుపక్కల కొండలు. అక్కడ కొండరెడ్లు, కోయలు ఉండేవాళ్ళు. కొన్ని ఊళ్ళు కలిపితే ఒక ముఠా, దానికొక ముఠాదారు. వీళ్ళందరి మీద మన్సబుదారు అనే ఒక జమీందారు లాంటివాడు. 1813లో ఈస్టిండియా కంపెనీ ఆ వంశానికి పట్టా ఇచ్చింది. కంపెనీకి కావాల్సింది కొండల్లో గొడవ లేకపోవడం, అంతే. మన్సబుదారు ముఠాదార్ల దగ్గర ఏం గుంజుతున్నాడో ఎవరూ పట్టించుకోలేదు. ముఠాదార్ల హక్కులు ఒక్కొక్కటే పోయాయి.

గుంజినవాటిలో ఒకటి చిగురు పన్ను. అంటే కల్లు గీసుకున్నందుకు కట్టాల్సింది. మన్యంలో జీలుగు కల్లు మన టీ కాఫీల్లాంటిది కాదు, ఎండాకాలంలో సగం తిండి అదే. దాని మీద పన్నే ఎక్కువనుకుంటే ఆ తర్వాత సర్కారు కొత్త అబ్కారీ చట్టం తెచ్చింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా కుదరదంది. వసూలు హక్కుని కాంట్రాక్టర్లకి వేలం వేసింది. తన చెట్టు, తన కత్తి, తన కుండ... మధ్యలో ఎవడో మైదానం నుంచొచ్చి డబ్బులడుగుతాడు.

దీనికి తోడు పోలీసుల చిల్లర దోపిడీ. ఇంకా వ్యాపారస్థులు. వీళ్ళు కొండోళ్ళకి కొద్దిగా అప్పిచ్చి ఏకపక్షంగా కాగితాలు రాయించుకునేవాళ్ళు. తర్వాత మైదానంలో ఎక్కడో ఉన్న కోర్టులో దావా వేసేవాళ్ళు. అవతలివాడికి కోర్టంటే ఏంటో తెలీదు, వెళ్ళడు. ఎక్స్ పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. దాన్ని చూపించి పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు. ఈ మాట నేనంటున్నది కాదు. పితూరీ ఎందుకొచ్చిందో విచారించడానికి సర్కారు పంపిన సలివాన్ అనే రెవెన్యూ బోర్డు దొర విచారణలో తేలిందే ఇది.

1879 మార్చిలో రంపలో చోడవరం దగ్గర మొదలైంది. ఏప్రిల్‌కి విశాఖ జిల్లాలో గొలుగొండ కొండలకి పాకింది. జులైకి మా వైపు, భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి వచ్చింది.

రేకపల్లి ఎందుకు కలిసింది? మన్సబుదారు పీడ అక్కడ లేదు కదా. ఇక్కడే నాకు ఆసక్తికరమైన సంగతి దొరికింది. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాల్ని 1860లో నిజాం ఇంగ్లీషువాళ్ళకిచ్చాడు. వాళ్ళు వీటిని మధ్యపరగణాల కింద పెట్టారు. అక్కడి పాలనలో పోడు వ్యవసాయానికి పెద్దగా అడ్డు లేదు. 1874లో ఈ తాలూకాల్ని మద్రాసు రాష్ట్రానికి బదిలీ చేశారు. మద్రాసువాళ్ళు పోడు మీద శిస్తు మూడింతలు చేశారు, కొన్ని అడవుల్లోకి అసలు రావద్దన్నారు. మన భాషలో చెప్పాలంటే, రాత్రికి రాత్రి ఎవరో సర్వర్ మార్చారు, కొత్త సర్వర్లో రూల్స్ వేరు, వాడేవాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు. అయిదేళ్ళు ఓర్చుకున్నారు. పక్క కొండల్లో నిప్పు రాజుకోగానే వీళ్ళూ కలిశారు.

నాయకులు ఒకరు కాదు. ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీస్ స్టేషన్ తగలబెట్టాడు. అంబుల్ రెడ్డి, కారం తమ్మన్న దొర, జంగం పులికంట సాంబయ్య... ఎవరి గుంపు వాళ్ళది, ఎవరి కొండ వాళ్ళది. దాదాపు 5,000 చదరపు మైళ్ళ మేర సర్కారు మాట చెల్లలేదు. అణచడానికి చుట్టుపక్కల జిల్లాల పోలీసులు చాలక ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, గుర్రపుదళం, సాపర్స్ అండ్ మైనర్స్, హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం కూడా దిగాయి. గోదావరిలో స్టీమర్ల మీద సైన్యాన్ని తరలించారు.

1880 ఫిబ్రవరిలో చంద్రయ్య చంపబడ్డాడు. తమ్మన్న దొర పోరు ఇప్పటి ఒడిశాలోని మల్కనగిరి అడవుల్లోకి మళ్ళింది. అక్కడి కోయలు ఆయన వెంట నడిచారు. ఆ ఏడాది జులైలో పోలీసు కాల్పుల్లో పోయాడు. కొందరిని ఉరి తీశారు, ఎంతోమందిని ద్వీపాంతరం పంపారు. మన్సబుదారుని పదవి నుంచి పీకేసి, ముఠాదార్లకి నేరుగా పట్టాలిచ్చారు.

చివరి వాక్యం ఇంకోసారి చదవండి. అంత సైన్యం దించి గెలిచిన సర్కారు, తిరుగుబాటుదార్లు అడిగినదాంట్లో ఒక ముక్క ఇచ్చింది. అంటే వాళ్ళ ఫిర్యాదు నిజమేనని ఒప్పుకున్నట్టే. మా స్కూలు పుస్తకంలో ఇది ఉందో లేదో, ఉన్నా ఒక లైను దాటి ఉండదు, నాకు గుర్తులేదు.

రెండో భాగం: 1922-24

దీని గురించి మీకు చాలావరకు తెలుసు కాబట్టి గబగబా చెప్పేస్తాను. రెండు పితూరీల మధ్య నలభై ఏళ్ళలో అవతలి పక్షం బాగా లెవెల్ పెంచుకుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, రిజర్వు అడవులు పెరుగుతూ పోయాయి. రోడ్లు వేశారు, పోలీస్ స్టేషన్లు పెట్టారు. రోడ్లకి కూలీలెవరు? కొండోళ్ళే. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తాసీల్దారు సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. మునసబు పని పోగొట్టుకున్న గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర అప్పటికే రగిలిపోతున్నారు.

ఇలాంటిచోటికి అల్లూరి సీతారామరాజు వచ్చాడు. 1897లో పుట్టిన మైదానపు క్షత్రియ యువకుడు. సన్యాసి. వైద్యం తెలుసు, జ్యోతిషం తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు, 2,500కి పైగా తూటాలు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్య దొరని విడిపించారు. ఈయన 1915-16 నాటి లాగరాయి పితూరీ మనిషి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికార్లని కాల్చారు. ముందు నడుస్తున్న మనవాళ్ళని పోనిచ్చి మరీ కాల్చారు. అక్టోబరులో అడ్డతీగల. డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర గట్టి దెబ్బ తగిలింది. మలబారు పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న కొయ్యూరులో రాజుగారిని విచారణ లేకుండా కాల్చేశారు. జూన్‌లో గంటం దొర పోయాడు. మల్లు దొర మాత్రం జైలుకెళ్ళి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యాడు.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూద్దాం

మ్యాప్ చాలావరకు ఒకటే. చంద్రయ్య తగలబెట్టిన అడ్డతీగలకే నలభై మూడేళ్ళ తర్వాత రాజుగారు వెళ్ళారు. ఇంజిన్ కూడా ఒకటే. అడవిలోకి రావద్దనేవాడు, కొండవాడి చేత పని చేయించుకుని కూలి ఎగ్గొట్టేవాడు, కాగితం చూపించి పశువు తోలుకుపోయేవాడు, వీటిలో ఏ ఒక్కటీ 1880లో ఆగిపోలేదు.

మారింది ముఖ్యంగా మూడు విషయాల్లో.

ఒకటి, హీరో. మొదటిదాంట్లో హీరో లేడు, ముఠాలున్నాయి. ఒకడు పోయినా ఇంకో కొండ మీద ఇంకొకడు నడిపేవాడు, అందుకే అంత విస్తీర్ణం. రెండోదాంట్లో ఒకే నాయకుడు, ఒకే పద్ధతి. లక్ష్యం స్పష్టంగా ఉంది, అనవసరంగా ఒక్క మనిషిని చంపకూడదన్న కట్టుబాటుంది. కానీ ఆయన పోయాక నెల తిరిగేసరికి దాదాపు అయిపోయింది. మన ఫీల్డులో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. రాజుగారిని తక్కువ చెయ్యడానికి అనడంలేదు, దయచేసి కొట్టకండి :)

రెండు, ఆశయం. మొదటిది తమ కొండ తమకి కావాలన్న గొడవ. రెండోది అక్కడ మొదలై దేశం దాకా వెళ్ళింది. తెల్లవాడు పోవాలి అన్నారు. ఖద్దరు కట్టారు.

మూడోది నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది. మొదటి పితూరీకి నిప్పు పెట్టిన వాటిలో ముఖ్యమైనది కల్లు. మా కల్లు మేం గీసుకుంటాం, మధ్యలో నువ్వెవడివి అన్నారు. రెండోదాని నాయకుడు సహాయ నిరాకరణ రోజుల్లో కొండల్లో తిరుగుతూ తాగుడు మానండి అని చెప్పాడు! రెండూ తిరుగుబాట్లే, కానీ ఒకదాంట్లో కొండవాడు తన బతుకు తనని బతకనివ్వమన్నాడు. ఇంకోదాంట్లో మైదానం నుంచొచ్చిన మంచి మనిషి ఒకాయన, నిజంగా వాళ్ళ కోసం ప్రాణమిచ్చిన మనిషి, మీరు కొంచెం మారాలన్నాడు. ఏది గొప్పదని నన్నడగొద్దు. తేడా ఉందని మాత్రం చెప్తున్నాను. ఆ తేడా కనబడాలంటే రెండూ తెలిసుండాలి.

సరే, మరి రెండోదే ఎందుకు గుర్తుంది? రాజుగారు గొప్పవాడు కాబట్టి, అందులో అనుమానం లేదు. ఆ రోజుల్లో పత్రికలున్నాయి, కాంగ్రెసుంది, ఆ తర్వాత సినిమా వచ్చింది. కానీ ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. రాజుగారు మనవాడు. మన భాష రాశాడు, మన పురాణాలు చదివాడు. ఆయన్ని హీరోగా పెట్టుకుంటే మైదానం వాళ్ళం మనం కథలో మంచివైపు ఉంటాం. చూడండి, ఆయన్ని నేను మొదటినుంచీ రాజుగారు అనే రాస్తున్నాను. చంద్రయ్యని చంద్రయ్య అనే రాశాను. రాసేటప్పుడు నాకే తెలీలేదు, ఇప్పుడు వెనక్కి చదువుతుంటే కనబడింది. చెరిపి సరిచెయ్యడం లేదు, ఉండనీ.

1879లోకి వెళ్తే మనం వేరే వైపు ఉంటాం. కల్లు కాంట్రాక్టరు, అప్పిచ్చే షావుకారు, డిక్రీ తెచ్చుకునే వ్యాపారి, వీళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడుతూ మైదానం నుంచి వచ్చినవాళ్ళే. ఆ కథకి సినిమా తీస్తే విలన్ వేషానికి ఇంగ్లీషు నటుణ్ణి తెచ్చుకుంటే సరిపోదు.

మా ఇంటి లాగ్ ఫైలు

ఇది రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

మా ముత్తాత కృష్ణా జిల్లా నుంచి కూనవరం వైపు వచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. 1950ల మాట. ఆయన ఖాతా పుస్తకాలు రెండు మా అటక మీద ఇంకా ఉన్నాయి. లాక్‌డౌన్‌లో తీసి చూశాను. ఎడమవైపు ఉప్పు, కిరసనాయిలు, చీర, పొగాకు. కుడివైపు చింతపండు, ఇప్పపువ్వు, కుంకుళ్ళు. పేర్లన్నీ సగం పేర్లే, ఇంటిపేరుండదు. ఒక్కో పేజీ అడుగున సిరా వేలిముద్ర. ఒక పేరు దగ్గర మూడు పేజీల పాటు బాకీ పెరుగుతూ పోయి, నాలుగో పేజీలో “ఎద్దు 1, జమ” అని ఉంది. అంతే, బాకీ తీరింది.

మా ముత్తాత చెడ్డవాడా అంటే, మా ఇంట్లో అందరూ దేవుడు అనే అంటారు. అర్ధరాత్రి తలుపు కొట్టినా ఉప్పు ఇచ్చేవాడట. అదీ నిజమే అయుంటుంది. ఉప్పు సంగతి మా ఇంట్లో కథగా మిగిలింది. ఎద్దు సంగతి పుస్తకంలో మాత్రమే ఉంది. ఆ ఎద్దు వెళ్ళిపోయిన ఇంట్లో ఏ కథ మిగిలిందో నాకు తెలిసే దారి లేదు.

మనకి బాగా తెలిసిన విషయమే. సిస్టమ్ పడిపోతే ముందు లాగ్ తెరుస్తాం. లాగ్ ఎవడు రాశాడో దాన్నిబట్టే కథ కనబడుతుంది. 1879కి ఉన్న లాగ్ దాదాపుగా అణచినవాళ్ళు రాసిందే. సలివాన్ విచారణ, కలెక్టర్ల ఉత్తరాలు, ఆ తర్వాత 1907లో అచ్చయిన హెమింగ్వే గోదావరి జిల్లా గెజిటీరు. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు గూడెం-రంప పితూరీల మీద రాసిన వ్యాసం చదివితే, 1839 నుంచి 1924 దాకా వీటిని ఒకే వరసలో చూడాలని తెలుస్తుంది. అంటే నేను మొదటిది, రెండోది అంటున్నది కూడా నా వీలు కోసమే. వాళ్ళకి అది ఒకటే ఆట, ప్రతిసారీ సేవ్ ఫైలు మాత్రం అవతలివాడు దాచుకున్నాడు.

అవతలివాడు దాచుకున్నదాంట్లోంచి ఒక్కో మంచి కూడా వచ్చింది, అదీ చెప్పాలి. 1917లో ఏజెన్సీ భూముల చట్టం వచ్చింది. కొండజాతివాళ్ళ భూమిని బయటివాళ్ళకి సర్కారు అనుమతి లేకుండా బదిలీ చెయ్యకూడదంది. మా వైపు చిన్నపిల్లాడికి కూడా తెలిసిన 1/70 చట్టం దాని మనవడే. 1959 నాటి రెగ్యులేషన్‌ని 1970లో గట్టి చేశారు. మైదానం నుంచొచ్చిన మా ఇళ్ళల్లో ఈ చట్టాన్ని తిట్టని పండగ భోజనం ఉండదు. “మన ఇల్లు మన పేరున రాసుకోడానికి లేదు, ఇదేం న్యాయం?” అని. నేనూ అన్నాను. సలివాన్ విచారణలో ఏం తేలిందో చదివాక ఆ మాట నోటిదాకా వచ్చి ఆగుతోంది. ఆ చట్టం గాల్లోంచి ఊడిపడలేదు. 1879లో తోలుకుపోయిన పశువుల నుంచి, మా అటక మీది ఎద్దు దాకా దానికి కారణాలున్నాయి. బగ్ పెట్టినవాడి మనవడు ప్యాచ్ బాలేదని ఏడిస్తే ఎలా ఉంటుంది?

చివరగా ఒక ఊరి పేరు

భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలని భద్రాచలం పట్టణం మినహాయించి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చారు. రేకపల్లి ఉన్న వరరామచంద్రపురం మండలం అందులో ఒకటి. 1860, 1874, 1959, 2014... ఆ ఊరు కదల్లేదు, దాని మీద జెండా మాత్రం మారుతూనే ఉంది. 1874లో మార్చినప్పుడు అడగలేదు. 2014లో ఎంత అడిగారో మీకూ తెలుసు.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు పెట్టారు. అప్పుడు వరరామచంద్రపురాన్ని చేర్చిన జిల్లా పేరేంటో తెలుసా? అల్లూరి సీతారామరాజు జిల్లా. అదే ఏడాది ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది, రాజుగారు ప్రపంచమంతా తెలిసిపోయాడు. అది చరిత్ర కాదు, కల్పన అని తీసినవాళ్ళే చెప్పారు కాబట్టి దాని మీద నాకు పేచీ లేదు, థియేటర్లో నేనూ ఈలలు వేశాను. జిల్లాకి ఆ పేరు పెట్టడం మీద కూడా పేచీ లేదు. ఆయనకి కాక ఇంకెవరికి పెడతారు?

కానీ మొదటి పితూరీలో కలిసిన ఊరి చిరునామాలో 2022లో రెండో పితూరీ నాయకుడి పేరు చేరింది. రేపు అక్కడి పిల్లాడు గెడ్డం అతికించుకుని స్టేజీ ఎక్కితే వాడికి రాజుగారే తెలుస్తారు. తన సొంత ఊరు, రాజుగారు పుట్టడానికి పద్దెనిమిదేళ్ళ ముందే, మూడింతలైన శిస్తు కట్టమని నిలబడిందని వాడికి ఎవరు చెప్తారు? అసలు ఆ ముంపులో ఊళ్ళు మిగిలితే కదా అంటారా, అదీ నిజమే.

పంజరంలోంచి విడిపించిన ముసలాయన గుర్తున్నాడా, మొదట్లో చెప్పాను? డెకర్డ్ కెయిన్. రెండో భాగంలో ఆయన పని దొరికిన వస్తువుల్ని గుర్తుపట్టి ఇది ఫలానా అని చెప్పడం. ఆయన లేకపోతే చేతిలో ఉన్నదేంటో మనకి తెలీదు. అలాంటి ముసలాయన నా పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి చూపించి మరీ చెప్పాడు. నేను ఇయర్‌ఫోన్స్ తియ్యలేదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ ఖాతా పుస్తకాలు పట్టుకుని కూనవరం అవతలికి వెళ్దామనుకుంటున్నాను. సగం పేర్లే అయినా పేర్లున్నాయి, ఊళ్ళ పేర్లున్నాయి. ఎవరైనా మనవళ్ళు దొరకొచ్చు. వెళ్ళి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. ముందు వాళ్ళు చెప్పేది వింటాను. మీ ఇళ్ళలో అటక మీద ఇలాంటివి ఏమన్నా ఉంటే దించి ఒకసారి చూడండి. తాతలుంటే, వాళ్ళు ఉండగానే అడగండి.